వందలో ఆరు

రాయదుర్గంలో నా నెట్ సెంటర్
జీన్స్ కుట్టే షెడ్డుకి ఆనుకొని ఉంటాది.
మిషన్లు ఆగితే తప్ప మాట వినపడదు.
కరెంటు పోయినప్పుడే ఇక్కడ
ఒకరి సంగతి ఒకరికి తెలిసేది.

వన్నూరమ్మ మాఘంలో వచ్చింది,
పాలిథిన్ కవర్లో మార్కుల లిస్టు, కులం సర్టిఫికెట్టు,
ఇంకా ఒక పొడుగు నోటుబుక్కు.
ఢిల్లీ అవతల ఏదో యూనివర్సిటీ.
బీదోళ్ళకి ఫీజు మాఫీ అని
వాళ్ళ ఫిజిక్సు సారు చెప్పినాడంట.

పేరు కొట్టగానే కింద ఎర్రగీత.
తప్పు పడిందేమో చూసుకోమంది కంప్యూటరు.
"లేదన్నా, నా పేరు అదే" అనింది.

కాలేజీ పేరు ఎంచుకోమని ఒక జాబితా.
తోసేకొద్దీ జారిపోతాంది,
డెహ్రాడూన్, పూణే, బెంగళూరు.
కణేకల్లు జూనియర్ కాలేజీ యాడా తగల్లేదు.
చిట్టచివర "ఇతరములు".
అది నొక్కినా.

అభిరుచుల్లో గుర్రపుస్వారీ ఉంది, పియానో ఉంది,
ఏ దేశంలో, ఎన్ని వారాలు?
ఆ పిల్ల నోటుబుక్కు తెరిచింది.

హగరి ఒడ్డున వాళ్ళ చేను,
చేని మీదికి నడిచొచ్చే ఇసుకదిబ్బ.
ఆరో తరగతి నుంచి
నెలనెలా ఒకటో తేదీ యాపపుల్ల గుచ్చి
దిబ్బ ఎంత జరిగిందో జానలతో కొలిచి రాసింది.
ఆషాఢం గాలికి పరిగెత్తుతాది,
కార్తీకంలో నిలబడతాది.
ఏడేండ్లు. ఒక్క నెల తప్పలేదు.
అమ్మోరు పోసిన నెల తమ్ముడు కొలిచినాడు,
వాని జాన చిన్నదని పక్కన రాసుకుంది.
తన జాన కూడా పెరుగుతాందని తొందరగానే తట్టి
ఏటా ఒక పేజీ మీద చెయ్యి ఆనించి
చుట్టూ పెన్సిలు తిప్పింది.
పేజీలు తిప్పితే
ఆ చెయ్యి నా ముందరే పెద్దదయింది.

"దీన్ని యాడ రాద్దామన్నా?"
గడి లేదు.
మళ్ళీ ఇతరములే,
నూటయాభై అక్షరాలు పట్టినాయి.

జవాబు చైత్రంలో వచ్చింది.
చాలా శ్రద్ధగా చూసినామన్నారు,
ఎందరో ప్రతిభావంతులన్నారు,
ఆమె పేరు మాత్రం సగమే పడింది.
నేను ఊరుకోలేక తిరిగి రాస్తే
ఈ చిరునామాకి ఏమీ అందదని
అర నిమిషంలో తెలిసింది.

వాళ్ళు వందలో ఆరుగుర్ని తీసుకుంటారంట.
ఆ లెక్క వాళ్ళే పెద్దక్షరాల్లో పెట్టుకున్నారు,
చలివేంద్రం కట్టి
ఎంతమందిని దప్పితో పంపినారో
బోర్డు రాసుకున్నట్టు.

ఆ పొద్దే కరెంటు పోయింది.
గోడ అవతల షెడ్డులో వాళ్ళమ్మ తిప్పక్కది చెకింగు పని.
పిల్ల అడగతాంది, నాకు వినపడతాంది:
"మా, పీసుని ఎట్ల తీసేస్తావు?"
"కుట్టు జారినా, జిప్పు వంకరపోయినా, రంగు తేలినా."
"అన్నీ బాగుంటే?"

తిప్పక్క కొంచేపు పలకలేదు.

"వందకి ఆరన్నా తీయాల్లే.
తీయకుంటే, చూడకుండానే పంపినావంటాడు సేటు.
అన్నీ బాగున్న దినం
చేతికి ఏది తగిలితే దానికి సుద్ద గీస్తా."

"మళ్ళ అవేమైతాయి?"
"ఏమైతాయి, సంతలో కిలో లెక్కన పోతాయి.
మీ నాయన తొడిగేది అదే.
ఈ ఊర్లో అందరూ తొడిగేదీ అదే."

చీకట్లో కూర్చొని
నా ప్యాంటు కుట్టు వెంబడి వేలు పోనిచ్చినా,
నడుం కాడ నుంచి మడమ దాకా.
సుద్దగీత ఎప్పుడో ఉతుకుల్లో పోయుంటాది.
తప్పు ఎక్కడుందో దొరకలేదు.

కరెంటొచ్చినాక పిలిచినా,
"అనంతపురం డిగ్రీ కాలేజీకి నింపుదామా మ్మా,
దానికి గడువు ఇంకా ఉంది."

"రేపొస్తాన్లే అన్నా,
ఈ పొద్దు ఒకటో తేదీ" అని
కణేకల్లు బస్సుకి ఉరికింది.