నీలం దుప్పట్లు

ఆర్క్నీ దీవిలో మా బడికి పదిహేడు మంది పిల్లలు.
పదహారు మందికి పాట వచ్చు.
పదిహేడోవాడు ఎర్లెండ్.
అందుకే తిమింగలం వేషం ఇచ్చాను:
నోరు తెరవాలి, మూయాలి, అంతే.

నాలుగు దుప్పట్లు కలిపికుట్టి సముద్రం చేశాం.
ఒక మూల ఎవరింటిదో ఇస్త్రీపెట్టె మచ్చ.

రెండో పాటలో సీగల్ పక్షి సన్నీవా
రెక్కలు చాపి అలాగే నిలబడిపోయింది.
పియానో మీద అదే వరస మూడుసార్లు తిప్పాను.
తెల్ల మేజోళ్ల వెంట సన్నగా ఏదో దిగి
చెక్కల మీద మెరిసింది.
ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

రిహార్సల్లో లేదిది:
అట్టముక్కల తిమింగలం వెనక్కి తిరిగి
సముద్రాన్ని కొస పట్టి లాక్కొచ్చి
ఆ పిల్లకి నడుందాకా కప్పింది.
కప్పి, పాడింది.
నేను వద్దన్న గొంతుతోనే,
నా శ్రుతికి మూడిళ్ల అవతల,
పొగమంచులో పడవ కూతలాగా.

సన్నీవా ముక్కు ఎగబీల్చి అందుకుంది.
నా వేళ్లు మెట్లు తడుముకుంటూ
వాడి వెనకాల నడిచాయి.

ఇవాళ దుప్పట్లు ఉతికి ఆరేశాను.
గాలికి నాలుగూ ఉబ్బుతున్నాయి.
వచ్చే ఏడు ఏ వేషం కావాలిరా అంటే
గోడ మీంచి దూకుతూ చెప్పాడు,
"తిమింగలమే టీచర్.
ఈసారి దానికో పాట రాయండి."