తొమ్మిది తరవాత పది

వేట నిషేధం విడిచిన రోజు.
ఫిషింగ్ హార్బర్‌లో ఐసు టోకెన్ల గది,
నేనూ, ప్రింటరూ, ఉప్పుగాలికి తుప్పెక్కిన ఫ్యానూ.
బయట జెట్టీ మీద నూటతొమ్మిది బోట్ల వాళ్లు.

ఒకటి అన్నాను. తరవాత పది.
తరవాత వంద, నూటొకటి, నూటరెండు,
అలా నూటెనిమిది దాకా పోయి
అప్పుడు పదకొండు.
జాబితాలో ఏముంటే అది చదవడమే నా ఉద్యోగం.

కిటికీ చువ్వలు పట్టుకుంది గనగళ్ల కాసులమ్మ.
నంబరు తొమ్మిది. తెల్లారి నాలుక్కే వచ్చింది.
"ఏటి బాబూ, పది కన్నా తొమ్మిది ముందు కాదేటి?
పుంజీల్లెక్కన సేపలమ్మినదాన్ని,
నాకు నెక్క సెప్పకు."

వేలితో తెర మీద వెతికాను.
తొమ్మిది తొంభై తొమ్మిదో వరసలో ఉంది.

ఆ నిలువు గడి రకం చూస్తే: అక్షరాలు.
అంకెల్లా కనబడతాయి గాని అంకెలు కావు.
యంత్రం మొదటి గీత చూసి కుర్చీ వేసింది,
వెనకున్న సున్నల బరువు తూచనే లేదు.
హయగ్రీవం అన్న పేరుతో బడికెళ్లిన నాకు
ఈ న్యాయం కొత్తేం కాదు.
పంద్రాగస్టు లడ్డూ నా దాకా వచ్చేసరికి
ఎప్పుడూ బూందీయే.

అసలు అక్షరాలు ఎందుకయ్యాయి?
పన్నెండు దగ్గర దొరికింది.
తెడ్డు వారి అన్నదమ్ములు తండ్రి నంబరు
నాకంటే నాకని కొట్టుకున్న ఏడు
ఎవరో గుమాస్తా తమ్ముడికి
పన్నెండు-ఎ రాసిచ్చి ఇంటికి పోయాడు.
ఆ ఒక్క 'ఎ' కోసం
గడి గడంతా లెక్కలు మరిచిపోయింది.

అంకెలుగా చూడు అని ప్రశ్న తిరగరాశాను.
పన్నెండు దగ్గర ఎర్రగా అడ్డం తిరిగింది.
సరే, అక్షరానికి పక్కనే చిన్న వసారా దింపాను:
ముందు నంబరు చూడు, ఆ తరవాతే అక్షరం.

ప్రింటరు దగ్గుతూ కొత్త కాగితం కక్కింది.
నూరు పైన బోట్లు అప్పటికే
యారాడ కొండ మలుపు తిరిగాయి, వాటిని పిలవలేను.
రెండు, మూడు, నాలుగు...
కాసులమ్మ టోకెను కొంగున ముడేసుకుని
నన్ను మెచ్చుకోకుండానే వెళ్లిపోయింది.

పన్నెండు.
పన్నెండు-ఎ.
పదేళ్లుగా మాటల్లేని ఇద్దరు
ఐసు మిల్లు వరసలో ఒకరి వెనక ఒకరు.
తమ్ముడు కొంచెం ముందుకి వంగి
అన్నని ఏదో అడిగాడు.

నాకు వినబడలేదు.
పదమూడు, అని పిలిచాను.