అనుమానితులు

నల్లగొండ పాలిటెక్నిక్ హాస్టల్, రాత్రి ఒంటిగంట.
ఇయర్‌ఫోన్ ఒకటే. ఎడమది నాకు, కుడిది జంగయ్యకు.
సగం అరుపు వానికి, సగం నాకు.

సినిమాల డాక్టరు
శవం పళ్లు చూసి పేరు చెప్పిండు.
జంగయ్య నవ్వి, వెంటనే నోరు మూసుకున్నడు.
వానిది మర్రిగూడ దిక్కు.
"మా ఊర్లయితే ఆ డాక్టరు తిప్పలువడుతుండె.
అందరి పళ్లకూ ఒక్కతీర్గనే గోధుమరంగు చారలు.
హంతకుడు బోరింగే,
దానికి బేడీలెవడేస్తడు?"

పొద్దుగాల ల్యాబుల రికర్షన్.
తనను తానే పిలుచుకునే ఫంక్షనట.
ఆగే షరతు రాయకపోతే
మెమరీ నిండి చస్తదట.
మేడమ్ బోర్డు మీద గీస్తుంటే
నాకు రాత్రి సినిమా అర్థమైంది:
వాడు ఎతికింది వాణ్నే.

పరీక్షల మాత్రం
ఆగే షరతు కాడనే పెన్ను ఆగింది.
రెండు మార్కులు పోయినయి.

ఇప్పుడు మళ్లా ఒంటిగంట.
జంగయ్య నిద్రవోయిండు,
కుడి చెవుల అరుపు ఉత్తగనే పోతున్నది.
ఫోను అడుగుతున్నది: ఇంకా చూస్తున్నారా?
ఈ ఏడాదిల ఇంత మర్యాదగా
నన్నెవ్వరూ ఏమీ అడగలే.
అవునని నొక్కేలోపే
తెర నల్లవడ్డది. అందుల
నోరు మూసుకున్న నా మొకం.