పాపం

నెలకి ఎనిమిది హాలీ రూపాయలకి
హెస్టరు దొరసానికి తెలుగు చెప్పడానికి కుదిరాను,
చాదర్‌ఘాట్‌లో, పెంకుటింటి వరండాలో.
'ళ' దగ్గర నాలుక మడతపడక
నీళ్లు 'నీల్లు'గానే తాగేది.

మూడో నెలలో చలిజ్వరం.
క్వినైనుకి చెవులు గుయ్యిమంటున్నా
గుణింతం అప్పజెప్పేది.
ఓడ మీద ఉత్తరం వచ్చింది.
చెల్లెలు పోయిందన్న కబురు అందేసరికి
అక్కడ సమాధి మీద గడ్డి కూడా మొలిచి ఉంటుంది.
ఆ పూట పాఠం వద్దంటుందనుకున్నాను.
పలక తెచ్చుకుంది.

ఏడాది తిరిగినా ఆమె దేవుడి వైపు
ఒక్కరూ రాలేదు. నేనూ రాలేదు.
సంధ్య వార్చుకునే వెళ్లేవాణ్ణి.

ఓ ఆదివారం గౌలిగూడ సందులో నిలబడి
"మనందరిలో పాపం ఉంది" అంది.
బిందెతో పోతున్న సాయవ్వ ఆగి
ఎండకి కందిన ఆ మొహం చూసి
"అయ్యో, పాపం!" అంది.
లోపలికెళ్లి మజ్జిగ తెచ్చింది.

"మున్షీగారూ, తప్పు పలికానా?"
లేదమ్మా, సరిగ్గానే పలికారు.
మీరు ఒకటి ఇచ్చారు,
వాళ్లు అదే మాటతో ఇంకొకటి ఇచ్చారు.
చాలాసేపు ఏమీ అనలేదు.
దీపం పొగచూరుతున్నా వత్తి తగ్గించలేదు.

మూసీ పొంగిన రాత్రి
నడుంలోతు బురదలోంచి
సాయవ్వ మనవణ్ణి భుజాన వేసుకొచ్చింది.
వాక్యం చెప్పలేదు, ప్రార్థనా పైకి చేయలేదు.
వాడి వీపు రుద్దుతూ "పాపం, పాపం" అంటోంది.
ఏ అర్థంలోనో అడగలేదు.

"మున్షీగారూ, వేడి నీల్లు!" అని కేకేసింది.
దిద్దలేదు.
పొయ్యి దగ్గరికి పరిగెత్తాను.