బెత్తెడు మీద రెండు వేళ్లు

సీటు కత్తిపీట, నేను గుమ్మడికాయ
అని నాలో నేను నవ్వుకున్నాను
ఏడురోడ్ల కూడలి దాటుతున్నప్పుడు.
అంపోలు వచ్చేసరికి
ఆ నవ్వు ఎక్కడ జారిపోయిందో తెలీదు.

డీఏ ఎరియర్సు మొత్తం పోసి కొన్నాను.
ఒంటిచేత్తో ఎత్తొచ్చు.
చక్రాలు వేలంత సన్నం.
వంగిన కొమ్ములు పట్టుకుంటే
నాగావళి వంతెన మీద గాలి
చెవి పక్కన పాత చీర చింపినట్టు పోతుంది.
అన్నీ బాగున్నాయి,
ఒక్క చోటు తప్ప.

ఆ చోటుకి
మర్యాదైన మాట కోసం వెతికాను.
డాక్టరు రాసే మాట ఒకటుంది,
తిట్టుకి వాడేది ఒకటుంది,
చంటిపిల్లకి నీళ్లు పోస్తూ అనేది ఒకటుంది.
నలభై నాలుగేళ్ల తపాలా గుమస్తా
సైకిలు కొట్టులో నిలబడి అనగలిగేది
ఒక్కటీ లేదు.

సోమవారం కౌంటర్లో నిలబడే స్టాంపులమ్మాను,
నిలబడే పాసుబుక్కులు రాశాను.
"కూర్చోరేం మేడమ్?" అన్నారు భుజంగరావు గారు.
నడుము పట్టేసిందన్నాను.
నడుముకేం, పాపం,
ఎన్ని అబద్ధాలైనా మోస్తుంది.

జెల్లు కవరు తొడిగాను.
రెండురోజులు పరుపు, మూడోరోజు ఊబి.
తువ్వాలు మడిచి కట్టాను, జారింది.
కొబ్బరినూనె కూడా అయింది.
అలవాటైపోతుంది లెండి, అన్నారు ఎవరో.
అలవాటైపోతుందన్న మాట
నాకు చాలా సందర్భాల్లో చాలామంది చెప్పారు.

ఆఖరికి గూనపాలెం మలుపులో అసిరినాయుడి కొట్టు.
అతను బ్రేకు నొక్కాడు, చక్రం తిప్పాడు,
"ఎక్కడమ్మా ఇబ్బంది?" అని
నన్ను చూడకుండా సైకిల్నే అడిగాడు.
నేనూ సైకిలుకే చెప్పాను,
కొంచెం... కుదరట్లేదు అని.
ఇద్దరం కాసేపు బెల్లు ఉండాల్సిన చోటు చూశాం.
ఆ సైకిలుకి బెల్లు లేదు.

ట్యూబు ముంచిన తడి చేతులతోనే
లోపల్నుంచి పోలమ్మ వచ్చింది.
"నువ్వెల్లి టీ తాగిరా మావా" అని అతన్ని పంపేసింది.
"ఏటి, కిందేనా? ముందా, ఎనకా?
తోలా, ఎముకా?"
నీళ్లలో బుడగెక్కడ లేస్తే
కన్నం అక్కడే అన్నట్టు, అంత తేలిగ్గా.
పదిరోజుల నా సిగ్గు
తుస్సుమంది.

పక్కింటి గోడకి పోయించిన ఇసక కుప్ప
కాస్త తడిపి, చదును చేసి
"కూకో" అంది. కూర్చున్నాను.
"లెగు." లేచాను.
ఇసకలో రెండు గుంటలు, ప్రమిదలంత.
చేత్తో కొలిచింది.
"బెత్తెడు మీద రెండు ఏళ్లు.
నీ సీటు బెత్తెడే, మగోడి కొలత.
ఎముకలు బైట ఏలాడతన్నాయి,
బరువంతా కండ మోస్తంది.
నొప్పెట్టదేటి మరి!"

నా ఎముకల మధ్య దూరం
నాకిన్నేళ్లకి తెలిసింది.

అటకమీంచి పాత లేడీసు సైకిలు తోలుసీటు దించింది.
పగుళ్లకి ఆముదం రాసింది.
తాపీవాళ్ల రసమట్టం పెట్టి చూసి
ముక్కు అరవేలు కిందకి వంచి
కడ్డీ మీద సుద్దగీత గీసి బిగించింది.
"తువ్వాలు పారీ.
నాలుగు మైళ్లకోపాలి లెగిసి నిలబడి తొక్కు.
లోబట్ట కుట్టు ఎక్కడుందో సూసుకో,
కుట్టే కోస్తాది."
సీటుకి డబ్బులు తీసుకుంది.
మాటలకి తీసుకోలేదు.

ఇవాళ ఆదివారం. వమరవల్లి దాటాను.
నొప్పి పోయిందని చెప్పను.
చోటు మారింది.
కండ వదిలి ఎముక మీదకొచ్చి
పని చేసిన నొప్పిలా కూర్చుంది.

కళింగపట్నం లైట్‌హౌసు దగ్గర
సైకిలు ఆనించి, ఇసకలో కూర్చుని,
లేచి, వెనక్కి తిరిగి చూశాను.
ఉన్నాయి, రెండూ.
ఎవరూ లేరు కదా అని
చెయ్యి పెట్టి కొలిచాను కూడా.

తిరిగి ఇంకా పాతిక కిలోమీటర్లు, ఎదురుగాలి.
ఎడమ అరచెయ్యి తిమ్మిరెక్కుతోంది.
పోలమ్మకి చెప్పాలి.
అరచెయ్యే కాబట్టి
అసిరినాయుడున్నా ఫర్వాలేదు.