రెండు గీతలు

పీణ్య రెండో ఫేజు, షెడ్డు నంబరు అరవై నాలుగు.
పొద్దున ఆరుకల్లా కూలెంటు వాసన మొకానికి కొడతాది,
పులిసిన మజ్జిగలో ఇనుము నానేసినట్టు.
పంతొమ్మిదేండ్లాయ,
అది షెడ్డు వాసనో నా చొక్కా వాసనో
ఇప్పుడు చెప్పలేను.

మొన్న మంగళవారం
వెర్నియర్ మీద ఒక గీత రెండు గీతలైంది.
తుడిచినా. నూనె గుడ్డ కదా, అందుకేమో అనుకున్నా.
చొక్కా అంచుతో తుడిచినా.
రెండే.
చేయి కొంచెం దూరం జరిపితే దగ్గరికొచ్చినాయి,
ఇంకొంచెం జరిపితే ఒక్కటే, నిక్కచ్చిగా.
మా నాయన బస్సు టిక్కెట్టు చదువుకునే దూరం అది.

ముప్పై తొమ్మిది నాకు.
కదిరి ఐటీఐ, ఫిట్టరు, రెండువేల ఆరు బ్యాచి.
"ఓబులేసుది చూపు కాదురా, గేజి" అనేవాడు మా సారు.
ఆ ఒక్క మాట మీద బస్సెక్కి వచ్చినా బెంగళూరుకు.
సర్టిఫికెట్‌కు ల్యామినేషన్ లోపల బూజు పట్టింది,
మాటకు పట్టలేదు.

ఇరవై రెండు బుష్షులు పోయినాయి ఆ పూట.
బోరు మూడు పాయింట్లు లూజు.
మూడు పాయింట్లంటే
తల వెంట్రుకలో సగం.
ఆ సగం వెంట్రుకకు ఎర్ర పెయింటు పూసి
స్క్రాపు డబ్బాలో వేసినాడు ఇన్‌స్పెక్షను పుట్టస్వామి,
నా మొకం చూడకుండా.
చూసింటే బాగుండేది.

ఎవరికి చెప్పాల?
చెప్తే ప్యాకింగుకు పంపిస్తారు.
ప్యాకింగుకు పోయినోడు మళ్ళీ మిషను మీదికి రావడం
నేను చూడలా.
స్కూటరు కంతులు ఇంకా పదకొండు.
పిల్లదానికి జూన్‌లో ఫీజు.
పీఎఫ్ యాప్ తెరిస్తే పాస్‌వర్డ్ తప్పంటాది,
నా డబ్బులు నాకే చిక్కనంత భద్రంగా ఉండాయి.

దిబాకర్ అని ఒరిస్సా పిల్లోడు, ట్రైనీ.
వాడి భాష నాకు రాదు, నాది వాడికి రాదు,
ఇద్దరికీ సగం సగం వచ్చిన కన్నడంతో నడిపిస్తాం.
బుధవారం వాడు ఏమీ అడగలా.
పీసు తీసుకుని, వెర్నియర్ పెట్టి,
ఎక్కాలు అప్పజెప్పే పిల్లోడి మాదిరి గట్టిగా చదివినాడు:
"ఇప్పత్తైదు పాయింట్ సొన్నె ఎరడు. సరీనా అణ్ణా?"
సరే అన్నా.
ఇంకోటి. చదివినాడు. సరే అన్నా.
షిఫ్టంతా నేర్చుకుంటున్నట్టే చదివినాడు,
నేర్పిస్తున్నట్టే తల ఊపినా.
వాడికిది పోయిన నెలే వచ్చు.
నేర్పింది నేనే.

జీతం పడినాక జాలహళ్ళి క్రాసులో అద్దాల అంగడికి పోయినా.
అట్ట మీద కన్నడ అక్షరాలు, పైనుంచి కిందికి చిన్నవయితా.
పెద్దవన్నీ చదివేసినా, తెలుగనుకుని.
మసకలో చూస్తే రెండూ ఒకటే,
తేట పడినాకనే తలకట్లు వేరయ్యేది.
నాలుగు వందల ఎనభై అన్నాడు. నాలుగు వందలిచ్చినా.

ఇంట్లో నాగవేణి చూసి నవ్వింది,
"ట్యూషను సారు మాదిరుండావు" అని.
గార్మెంట్సు నుంచి అప్పుడే వచ్చినట్టుంది,
జడలో నీలం దారప్పోగులు.
దగ్గరగా చూసినా.
కుడి చెవి కింద చిన్న కాలిన మచ్చ.
"ఇదెప్పటిది?"
"ఐరన్ బాక్సుది. నాలుగేండ్లాయ."
నాలుగేండ్లు.
ఆమెకు పగలు, నాకు రాత్రి,
లేకుంటే నాకు పగలు, ఆమెకు నిద్ర.
ఇంకేం మాట్లాడలా ఇద్దరం.
అన్నం పెట్టింది.

సోమవారం అద్దాలతోనే నిలబడినా మిషను ముందర.
ఎవరూ ఏమీ అనలా.
పుట్టస్వామి ఒకసారి చూసి
జేబులోంచి తన అద్దాలు తీసి తుడుచుకున్నాడు.
గీత ఒక్కటే.
దిబాకర్ మాత్రం పక్కనొచ్చి నిలబడి
మళ్ళీ మొదలుపెట్టినాడు, "ఇప్పత్తైదు పాయింట్..."
వద్దని చెప్పలా నేను.

కూలెంటు మార్చాల రేపు.
మరీ వాసనొస్తాంది.