అతిమధురం, వారానికొక్కసారి

సాలిగ్రామంలో నాటుమందుల కొట్టు తంగపాండి
నేను గడప తొక్కకముందే సొరుగు లాగుతాడు.
ఎండిన కర్రముక్కలు,
పరీక్ష హాల్లో పిల్లలు నమిలిన పెన్సిళ్లలా.
అరవంలోనూ దీని పేరు అతిమధురమే
తెలుగులోనూ అతిమధురమే.
ఈ ఒక్క సరుక్కి
మా ఇద్దరి మధ్య దుబాసీ అక్కర్లేదు.
నూరు గ్రాములు, కాగితం పొట్లం, పురికొస.

పేరులోనే 'అతి' పెట్టుకున్నది
పంటికింద మొదట ఉత్త కట్టెపుల్ల.

నాది అద్దె గొంతు.
ముప్పై ఏళ్లుగా ఏసీ చీకట్లో
ఎవరెవరి పెదాలకో మాటలు అతికిస్తున్నాను.
జీపు వెనక సీట్లో రెండో కానిస్టేబుల్ని నేనే.
పెళ్లిపందిట్లో "భోజనాలకి లేవండి" అన్నదీ నేనే.
నిన్న మాత్రం ఒక పెద్దాయన చావు.
కొండ అంచునుంచి జారుతూ
కూతుర్ని పేరుపెట్టి పిలవాలి.
పదకొండు టేకులు.
పన్నెండోదానికి అద్దం అవతల జాషువా
బొటనవేలెత్తాడు.
అప్పటికి నా దగ్గర గాలి మాత్రమే మిగిలింది.

ఇవాళ మంగళవారం. అయినా సరే.

ఇత్తడి రోట్లో కర్రని దంచుతాను.
పొడి కాకూడదు, పీచు విడితే చాలు.
బోరు నీళ్లు పనికిరావు, ఉప్పన
క్యాన్ వంచి రెండు గ్లాసులు పోస్తాను.
సెగ సన్నంగా. తొందర పడితే అలుగుతుంది.
నీళ్లు ఎండుగడ్డి రంగు తిరిగి
సోంపుకి దూరపు చుట్టంలాంటి వాసనొకటి
వంటింటి గుమ్మందాకా వచ్చి
లోపలికి రానా అన్నట్టు నిలబడ్డాక
పొయ్యి ఆపి
నీలగిరి ఆకు ఒకటిన్నర చెంచా. మూత.
గడియారం చూడను.
"భోజనాలకి లేవండి" అని
మనసులో అరవైసార్లు అంటే
సరిగ్గా మూడు నిమిషాలు.

చక్కెర లేదు. పాలు అసలే లేవు.
పాలు పొయ్యని టీ జ్వరమొచ్చినవాళ్లకే అంటుంది
మా విశాలాక్షి.
స్టీలు గ్లాసులో దీని రంగు దాక్కుంటుంది,
అందుకని గాజు గ్లాసు.
కిటికీకి ఎత్తి పట్టుకుంటే
అవతల ఫ్లై ఓవర్, దానిమీద బస్సు
రెండూ రాగిరంగులో కాసేపు.

మొదటి గుక్క వగరు. నల్ల టీ పొగరు.
మింగేశాను.
గ్లాసు దించేశాను కూడా.
అప్పుడు, ఏమీ లేని నోట్లో
నాలుక మొదట్లోంచి మెల్లగా
తీపి.
నా వృత్తిలో ఇది తప్పు.
పెదవి మూసుకున్నాక వచ్చిన మాటని
సింక్ పోయింది, వన్ మోర్, అంటారు.
ఈ కర్ర ఒక్కటే
ఆలస్యంగా వచ్చి కూడా ఓకే అయిపోతుంది.

రెండో గుక్కకి గొంతులో గరుకుమీద
ఎవరో తడి నూలుగుడ్డ పరిచారు.
మూడోది లెక్కపెట్టలేదు.

డాక్టర్ ఫర్జానా చెప్పింది, మరిచిపోలేదు.
"నూట అరవై ఉంది మీ బీపీ.
ఈ కర్ర ఒంట్లో ఉప్పుని కూర్చోబెడుతుంది. మానేయండి."
వంకాయలు బేరమాడినట్టు బేరమాడి
వారానికొక గ్లాసుకి ఒప్పించాను.
ఆదివారం మాత్రమే.
ఇంట్లో పోలీసు విశాలాక్షి.
క్యాలెండర్లో పాలు రాని రోజుకి సున్నా,
నా టీకి నిలువుగీత.
ఈ నెల ఆదివారాలు నాలుగు.

అడుగున పీచు మిగిలింది.
నమిలాను. ఇంకా ఉంది దాన్లో.

"గొంతు వచ్చిందా?" హాల్లోంచి.
ఎదురుగా తెర లేదు,
అతికించాల్సిన పెదాలు లేవు.
"ఊఁ" అన్నాను.
నాకే కొత్తగా వినబడింది, ఎవరిదో బాగున్న గొంతులా.

చెప్పుల చప్పుడు.
పెన్ను మూత తీసిన చప్పుడు.
ఐదో గీత.